బొలెరో మీట

మా ఆయన ఇరవయ్యేళ్లుగా వాయిస్తున్న దరువుకు ఒక పేరుందని మాకు తెలిసింది తొంభైల చివర్లో, మా ఆర్కెస్ట్రాకు కీబోర్డు వచ్చాకే. తాడిపత్రి చుట్టుపక్కల పెళ్లిళ్లకు పాడేవాళ్లం. పాట నాది, బాంగోలనే చిన్న జంట డోళ్లు మా ఆయనవి. పగలంతా బండల ఫ్యాక్టరీలో పని, పెళ్లి ఉన్న సాయంత్రం బాంగోలు. కీబోర్డాయన ఒక మీట నొక్కాడు, అచ్చం మా ఆయన దరువే దానంతటది మోగింది. "ఇది బొలెరో అక్కా. క్యూబా దేశంలో విరహం పాటలకు కొట్టే దరువు. రికార్డుల్లో పడి దేశాలన్నీ తిరిగి మన సినిమా పాటల్లోకీ వచ్చింది. నువ్వు ఏడ్చుకుంటా పాడే పాతపాటల్లో సగం ఇదే" అన్నాడు. మా ఆయన నవ్వేశాడు. క్యాసెట్టు వెనక్కి తిప్పి తిప్పి నేర్చుకున్న మనిషికి పేరుతో ఏం పని?

మీటకూ ఆయనకూ ఒకటే తేడా. నాలుగో దెబ్బను ఆయన రవ్వంత ఆపి వేసేవాడు. ఆ సందులో నేను ఊపిరి తీసుకునేదాన్ని. మీటకు నా ఊపిరితో పనిలేదు.

బండలు కోసే మిషన్ల హోరు ఆయన చెవులను మెల్లగా తినేసింది. తెలిసిన పాటలే కాబట్టి నా పెదాలు చూసి వాయిస్తూ కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. శింగనమలలో ఒక పెళ్లిలో నేను పాట ముగించి పక్కకు తిరిగాను. ఆయన కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు. పందిరంతా నవ్వింది. "చెవిటోని ముందర శంఖమూదినట్లుండాది కదప్పా!" అని ఎవరో అరిచారు. నాకు తల కొట్టేసినట్టయింది. జాలి పడాల్సిన చోట కోపం వచ్చింది. అదీ నా గుణం.

మరునాడే ఆర్కెస్ట్రా ఓనరు దగ్గరికి వెళ్లాను. "ఈయనతో నేను పాడలేనన్నా. దరువుకు ఆ కీబోర్డు మీటే పెట్టు. నేను చెప్పినానని మాత్రం చెప్పొద్దు."

ఓనరు కాగితం మీద రాసి చూపించాడట: కరువు, పెళ్లిళ్లు లేవు, మనుషులను తగ్గిస్తున్నాం, వానలు పడితే పిలుస్తా. మా జిల్లాలో ఏ తప్పునైనా కరువు మీదికి తోసేయొచ్చు, కాదనేవాళ్లుండరు. మా ఆయనా నమ్మాడు.

రెండేళ్లు మీటతోనే పాడాను. ఆయన నా సంచి మోసుకొచ్చి ముందు వరుసలో కూర్చునేవాడు. తిరిగొచ్చేటప్పుడు "బాగా పాడినావు మే" అనేవాడు. ఆ మాటకు నాకు చచ్చిపోవాలనిపించేది.

మూడో ఏడు వాన పడింది. శనక్కాయ పంట చేతికొచ్చింది. ఆయన అటక మీది బాంగోలు దించి, తుడిచి, తోలు బిగిసేలా ఎండలో పెట్టాడు. రోజూ వీధి వైపే చూపు. "పెండ్లిండ్లు శానా ఉండాయంట గదా. ఓనరు మనిషిని పంపలేదా మే?" అని అడిగేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. మూడో రోజు ఇక నా వల్ల కాలేదు. గడపలో ఆయనకు ఎదురుగా కూర్చున్నాను.

"ఎవురూ రారయ్యా. కరువు కాదు, నేనే. నిన్ను తీసేయమన్నది నేనే. నీ వల్ల నా పరువు పోతాందని తీయించినా."

ఏడుస్తూ అదే మాట మూడుసార్లు చెప్పాను. ఆయన నా పెదాల వైపే చూశాడు. కన్నీళ్లూ చూశాడు. ముఖం విప్పారింది.

"కొత్త పాటనా మే? ఇంగోసారి ఎత్తుకో, పట్టుకుంటా" అంటూ బాంగోలు మోకాళ్ల నడుమకు లాక్కున్నాడు.

మళ్లీ చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పాడాను.