నున్నటి ఇసుక

నాకు సంతకం వరకే వచ్చు. నేను మాట్లాడుతుంటే ఫోనే రాసుకుంటుందని అమ్మాయి నేర్పింది. అందుకని దీనికే చెబుతున్నాను.

మా ఆయన తాపీమేస్త్రీ. నేను ఆయన దగ్గరే ఇసుక జల్లించి, సిమెంటు మాలు కలిపి, తట్టలు మోసేదాన్ని. ముప్పై ఏళ్ళు అట్లాగే గడిచాయి. ఆ పని మీదే మా ఒక్కగానొక్క పిల్ల చదువుకుని ఈ దేశం వచ్చింది. ఆయన దీపావళి వెళ్ళిన మూడో రోజు పోయాడు. మొదటి ఏడు తద్దినం ఊళ్ళో మా మరిది కొడుకు చేత జరిపించి, నేను అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉంటాం.

ఇది రెండో ఏడు. అల్లుడు ఎప్పుడో టికెట్లు తీశాడు. విమానంలో ఎయిర్లీ బీచ్ దాకా పోయి, రెండు రాత్రులుండి, మధ్యలో ఒక రోజంతా పడవ మీద మూడు దీవులు చూసి రావాలి. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే పడవ ఎక్కేది సరిగ్గా ఆయన రోజే. అమ్మాయి ఫోనులో ఇంగ్లీషు తేదీ పెట్టుకుంది. ఆ లెక్కన ఇంకా మూడు వారాలుంది. పండగలు ఏటేటా ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయని దానికి తెలుసు. తండ్రి పోయిన రోజు కూడా అట్లాగే జరుగుతుందని తట్టలేదు.

చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. కానీ నేను వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ఆయన మాట ఎవరూ ఎత్తరు. నేనెత్తితే అమ్మాయి టీ కావాలా అంటుంది, ఎండ ఎక్కువగా ఉందంటుంది. నేనెక్కడ ఏడుస్తానోనని దాని భయం. అదెక్కడ బాధపడుతుందోనని నా భయం. ఇద్దరం అట్లా ఆయన్ని ఇంట్లోంచి పంపించేశాం.

ఆ రోజు నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ఆయనకు ఒక్క ముద్ద పెట్టకుండా నేను తినకూడదు. అంతే.

పొద్దున హోటల్లో మంచినీళ్ళే తాగి పడవెక్కాను. పడవలో కడుపు తిప్పుతుందని తినడం లేదనుకుని అమ్మాయి నాకు అల్లం బిళ్ళలిచ్చింది. వాటిని చెంగున కట్టుకున్నాను. నీళ్ళలో కుట్టే పురుగులుంటాయని పడవవాళ్ళు అందరికీ మెడ నుంచి పాదాల దాకా నల్ల తొడుగులు పంచారు. చీర మీద అదెట్లా తొడుక్కోను? అది చేత్తో పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి మనవరాలు పడీ పడీ నవ్వింది. మొదటి దీవి దగ్గర వాళ్ళు ముగ్గురూ చేపల్ని చూడటానికి దిగితే నేను చెప్పుల జతలకు కాపలా కూర్చున్నాను. రెండో దీవిలో కొండెక్కి కిందికి చూశాం. నీళ్ళు నీలంగా, పచ్చగా, చారలు చారలుగా ఉన్నాయి. జనం ఫొటోలు తీసుకుంటున్నారు. అందరి పక్కనా ఎవరో ఒకరున్నారు.

మూడోది తెల్ల ఇసుక దీవి. అక్కడే భోజనం. వాళ్ళ కూరగాయలు, రొట్టెల పక్కన కాస్త అన్నం కూడా ఉందని ముందే చూసుకున్నాను. నీళ్ళ ఒడ్డున ఒక ముద్ద పెడితే ఏ పిట్టో వచ్చి తింటుందిలే అని ధైర్యంగా ఉన్నాను. దిగబోతుంటే పడవవాడు ఏదో చెప్పాడు. అల్లుడు నా వైపు వంగి తెలుగులో చెప్పాడు.

"అత్తయ్యా, ఇక్కడ ఒక్క మెతుకు కూడా కింద వెయ్యకూడదంట. పిట్టలకి కూడా పెట్టగూడదంట. ఇసుక కూడా పట్టుకుపోగూడదంట."

ప్లేటు పట్టుకుని అందరికీ దూరంగా పోయి కూర్చున్నాను. చేయి ఊరుకోదు కదా, గుప్పెడు ఇసుక తీసి పిడికిలి బిగించాను. పిండిలాగా జారిపోయింది. మా ఆయన ఇసుక లారీ వచ్చినప్పుడల్లా అట్లాగే పట్టి చూసి, రెండు అరచేతుల మధ్య నలిపి, ఒండుమట్టి అంటితే బండి వెనక్కి తిప్పించేవాడు. ఇసుక కుప్ప మీదే కూర్చుని అన్నం తినేవాడు. అది గుర్తొచ్చాక ఇంకేం ఆలోచించలేదు. ప్లేటు నా ఎదురుగా ఇసుక మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నాను. మెతుకు కింద పడలేదు. వాళ్ళ మాటా పోలేదు.

ఎంతసేపైందో తెలియదు. ప్లేటు మీద అమ్మాయి నీడ పడింది.

"ఏందమ్మా, ఇంకా తినలా? చల్లారిపోయుంటది. ఎవరి కోసం చూస్తా కూర్చున్నావు?"

దాచుకునే ఓపిక లేకపోయింది.

"మీ నాయన తింటన్నాడు."

అది ప్లేటు వైపు వంగి చూసింది. తర్వాత మెల్లగా అంది.

"వచ్చే నెల గదమ్మా?"

"దీపావళి పోయిన మూడోనాడే గదంటే."

ఫోను తీసి చూసింది. అక్కడ సిగ్నల్ లేదు. మళ్ళీ సంచిలో పెట్టేసి నా పక్కన చతికిలబడింది. నల్ల కళ్ళజోడు తీయలేదు.

"నేను తినేశానమ్మా," అంది.

చిన్నప్పుడు పలక పగలగొట్టుకొచ్చినప్పటి గొంతు అది. పనిలో ఉన్నప్పుడు ఆయన క్యారేజీ విప్పగానే ముందు దానికే కలిపి పెట్టేవాడు. పిల్ల తిన్నాక మిగిలితే మేం తినేవాళ్ళం.

"ఎప్పుడు నువ్వు తినకుండా ఆయన తిన్నాడు?" అన్నాను.

అది నా భుజానికి తల ఆనించింది. తొడుగు తడిగా, చల్లగా తగిలింది. ఏదో అడుగుతుందనుకున్నాను, ఆయన గురించి ఒక్క మాటైనా. అంతలో నీళ్ళలోంచి మనవరాలు పిలిచింది. ఒక్క నిమిషం అని లేచి వెళ్ళింది. వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే వెళ్ళింది. నీళ్ళలో వాళ్ళు మళ్ళీ ముగ్గురయ్యారు. నేను ప్లేటు దగ్గరికి లాక్కుని చల్లటి అన్నం తిన్నాను. ఉప్పు లేదు.

పడవెక్కే చోట పంపుతో అందరి కాళ్ళూ కడిగారు. నా వేళ్ళ సందుల్లో ఒక్క రేణువు మిగలకుండా కడిగారు. అల్లుడు తువాలు అందిస్తూ, "ఇసుక ఎట్టా ఉంది అత్తయ్యా?" అని అడిగాడు.

బాగుంది నాయనా అన్నాను. మరీ నున్నన, సిమెంటు పట్టదు, గోడ రెండేళ్ళు నిలవదు అని నోటిదాకా వచ్చింది. ఆ మాటకు నవ్వే మనిషి ఒక్కడే ఉండేవాడు.