టేబుల్ మీదికి రాని పచ్చడి

నాలుగు రోజుల ముందే నా పాత స్నేహితురాలు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. "ఆదివారం భోజనానికి వస్తున్నావుగా? వెజ్జా, నాన్‌వెజ్జా?" చదవగానే ఒళ్లు మండింది. ఆరేళ్లపాటు నాతో కలిసి అన్నం తిన్న మనిషి అడగాల్సిన ప్రశ్నేనా ఇది? "నీ ఇష్టం" అని పెట్టి ఊరుకున్నాను.

రేపల్లెలో మేమిద్దరం ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం. నేను తెనాలి నుంచి పొద్దున రైల్లో వెళ్లి సాయంత్రం రైల్లో వచ్చేదాన్ని. అప్పటికి ఆమెకింకా పెళ్లి కాలేదు. ఆఫీసు వెనక సందులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేది. మధ్యాహ్నం కాగానే ఇద్దరం అక్కడికి నడిచేవాళ్లం. కంచాలు నేనే తీసేదాన్ని. వంటింట్లో కింద కూర్చుని నా క్యారేజీలో కూర ఆమె, ఆమె చేసిన పచ్చడి నేను తినేవాళ్లం. గోంగూర పచ్చడి చేసిన రోజు గిన్నెకి అంటుకున్నదాంట్లో ఇంత అన్నం వేసి కలిపి, ఆఖరి ముద్ద నా చేతిలో పెట్టేది. "తినవే, ఇంటికెళ్లేసరికి ఎంతవుద్దో ఏమో" అనేది. తిన్నాక నా కంచం నేనే పంపు దగ్గర కడిగి బోర్లించేదాన్ని. ఆ ఇంట్లో నన్ను ఎవరూ కూర్చోమనలేదు, వద్దనలేదు.

ఇప్పుడు ఆమెది బాపట్లలో సొంత ఇల్లు. ఆదివారం వెళ్తే ఆరు కుర్చీల టేబుల్ దగ్గర నన్నొక్కదాన్నే కూర్చోబెట్టారు. ముందు పింగాణీ ప్లేటు, పక్కన మడతపెట్టిన టిష్యూ, ఒక ఫోర్కు. ఫ్రైడ్ రైసు, పనీర్ కూర, చికెన్ వేపుడు, ఇంకేవేవో మూతల గిన్నెలు. నాకు అటు ఆమె, ఇటు వాళ్లాయన నిలబడ్డారు, పెళ్లిలో బంతి వడ్డించేవాళ్లలా.

"నువ్వూ కూర్చోవే" అన్నాను.

"ముందు నువ్వు కానివ్వు. మేం తర్వాత తింటాంలే."

"మొహమాటపడకండి, ఇంకొంచెం వేయించుకోండి" అని వాళ్లాయన గరిటె ఎత్తారు. వద్దంటే మొహమాటం అన్నారు. సరేనంటే ప్లేటు నింపేశారు. నాలుగు కళ్లు చూస్తుంటే ముద్ద గొంతు దిగుతుందా? రుచి బాగానే ఉంది, కాదనను. నాకు కోపమే ఎక్కువగా ఉంది. నేనేం తప్పు చేశానని ఈ మనిషి నన్ను చుట్టాన్ని చేసి పడేసింది?

చేతులు కడుక్కునే వంకతో ప్లేటు పట్టుకుని లేచాను. "అక్కడే పెట్టెయ్, నేను తీస్తా" అంటూ ఆమె వెనకే వస్తోంది. నేను వినిపించుకోకుండా వంటింట్లోకి వెళ్లిపోయాను.

గట్టు మీద రెండు స్టీలు కంచాలు పెట్టి ఉన్నాయి. రెండింట్లోనూ తెల్లన్నం, గోంగూర పచ్చడి, పక్కన ఉల్లిపాయ ముక్కలు. నేను వెళ్లాక వాళ్లిద్దరూ తినబోయేది అదన్నమాట.

"ఇది నాకెందుకు పెట్టలేదు?" గట్టిగానే అడిగాను.

ఆమె వాళ్లాయన ఉన్న వైపు ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది: "పోయిన ఏడు మీ ఇంటికి డబ్బా నిండా చేసుకొచ్చాగా. నువ్వు ఫ్రిజ్‌లో పెట్టేశావు. అన్నం దగ్గర మూత కూడా తియ్యలేదు. మా ఆయన ముందు నాకు తల కొట్టేసినట్టయింది. నువ్విలాంటివి మానేశావేమో అనుకున్నా."

అప్పుడు గుర్తొచ్చింది. వాళ్లాయన మొదటిసారి మా ఇంటికి వస్తున్నారని ఆ రోజు నేను హోటల్ నుంచి తెప్పించాను. అటక మీది కొత్త ప్లేట్లు దింపాను. ఆ గిన్నెల మధ్య పాత ప్లాస్టిక్ డబ్బా బాగుండదనిపించింది. తిన్నాక ఆమె తన ప్లేటు తీసుకుని వంటింట్లోకి వస్తుంటే, లోపల సింకు నిండా అంట్లున్నాయని గుమ్మంలోనే అడ్డం నిలబడి లాక్కున్నాను. "నువ్వెందుకే, పనావిడ చూసుకుంటుంది" అన్నాను. బాగా మర్యాద చేశానని వాళ్లు వెళ్లాక మురిసిపోయాను కూడా. ఆ పచ్చడి తర్వాత వారమంతా నేనే తిన్నాను. ఎంత బాగుందో ఆమెకి ఒక్క ఫోను చేసి చెప్పలేదు. పొద్దున్నుంచీ ఆమె మీద ఉన్న కోపమంతా నా మీదికే తిరిగింది. సిగ్గేసింది.

"నాకో ముద్ద పెట్టవే" అన్నాను, చెయ్యి కడుక్కుని ముందుకు చాచి.

"అయ్యో, అదెంత భాగ్యం! ఉండు" అంది. మొహం వెలిగింది. నేను అలాగే చెయ్యి చాచుకుని నిలబడ్డాను.

ఆమె అల్మరా తెరిచి నా కోసం చిన్న గాజు గిన్నె తీసింది. ఆ తర్వాత స్పూను కోసం సొరుగు లాగింది.