ఖాళీ పేజీలో చదివిన తేదీ

ఒక అబద్ధాన్ని ఆరేళ్లకు పైగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు గనుకనే మీకు చెప్పగలుగుతున్నాను.

గణాంకాల పనిలో ముప్పై నాలుగేళ్లు గడిపినవాణ్ణి. తేదీ, అంకె: ఈ రెండింటినీ తప్ప దేన్నీ సాక్ష్యంగా తీసుకోలేదు. ఏ పని ఏ రోజున జరిగిందో నోటుపుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. మా ఇంట్లోనే కాదు, బెంగళూరు బ్రూక్‌ఫీల్డులోని మా అపార్టుమెంట్లలో కూడా ఏదైనా వాదన వస్తే నా నోటుపుస్తకమే తీర్పు చెప్పేది. దానికి నేను లోలోపల ఎంత గర్వపడ్డానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

అక్కడే పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లం ఐదుగురం కలిశాం. మాకు కావలసిన విదేశీ పుస్తకాలను, ముఖ్యంగా ఇక్కడ దొరకని పాతవాటిని, ఒకే పార్సిలుగా తెప్పించుకునేవాళ్లం. పార్సిలు వంతుల ప్రకారం ఒక్కోసారి ఒక్కొక్కరి పేరు మీద వచ్చేది. కాగితాల పనంతా నాది. కస్టమ్స్ ఫారాల మీద అందరూ ముందే సంతకాలు చేసి ఇచ్చేవారు. వివరాలు నేను నింపేవాణ్ణి. ఖాళీ కాగితం మీద సంతకం చేయవద్దని ఉద్యోగమంతా ఇతరులకు చెప్పిన మనిషిని. నా దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది నా మీద ఉన్న గౌరవమని పొంగిపోయాను.

2019 జులై బడ్జెట్లో విదేశీ పుస్తకాల మీద ఐదు శాతం సుంకం వేశారు. నాకు నిద్ర పట్టలేదు. చదువుకునేవాడి మీద సుంకమా? చాక్లెట్లూ సెంటుసీసాలూ పుస్తకమూ ఒకటేనా? కనిపించినవారందరికీ ఇదే చెప్పాను. మా ఐదుగురిలో ఒకడైన వెంకటప్ప, పుట్టి పెరిగింది బెంగళూరులోనే, ఒకరోజు పగలబడి నవ్వాడు. “ఏమప్పా, దేశంలో నీ ఒక్కడి మీదనే ఏసినారా సుంకం? చదవకుండా అటక మీద పెట్టిన పుస్తకాలు నూరు ఉండాయి నీ ఇంట్లో. ముందు అవి చదువు!” అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఆ ఏడాది చివరి పార్సిలు సలోమి టీచర్ వంతు. ఆమె అసలు పేరు అది కాదు. ఒంగోలు వైపు బడిలో పాఠాలు చెప్పి రిటైరై, భర్త పోయిన తరువాత, నర్సుగా పనిచేసే కూతురి దగ్గరకు వచ్చి ఉంటున్నారు. ఆ పార్సిలులో ఆమె కోసం వస్తున్నది ఒక్కటే పుస్తకం: ఎప్పుడో మూతపడిన ఒక మిషను ఆసుపత్రి చరిత్ర. అందులో తొలి తరం నర్సుల ఫోటో ఉందనీ, కింద ఉన్న పేర్ల ప్రకారం వెనక వరుసలో ఆమె అమ్మమ్మ ఉందనీ విదేశం నుంచి మాకు పుస్తకాలు అమ్మేవాడు జాబు రాశాడు. ఆ అమ్మమ్మకు ఇంట్లో మరో ఫోటో లేదు. టీచర్ ఆమెను చూసి ఎరుగరు. “మా అమ్మ ముక్కు ఆమెదేనంట అన్నయ్యా, చూడాలి,” అని నాలుగుసార్లు అన్నారు.

ఆ పార్సిలుకే నేను ఆ పని చేశాను. బహుమతిగా పంపుతున్నట్టు రాయమనీ, వెల నామమాత్రంగా వేయమనీ అమ్మేవాడికి జాబు పెట్టాను. టీచర్ సంతకం ఉన్న ఫారంలో అదే నింపాను. తప్పనిపించలేదు. అన్యాయమైన సుంకానికి ఇది నా జవాబు అనుకున్నాను. అయితే ఆ జవాబును నా పేరు మీద ఎందుకు ఇవ్వలేదు? నా వంతు వచ్చేదాకా ఎందుకు ఆగలేదు? ఈ ప్రశ్న వేసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అమ్మేవాడు అలవాటు ప్రకారం అసలు బిల్లును కూడా పెట్టెలో ఉంచాడు. కస్టమ్స్‌వాళ్లు పెట్టె తెరిచారు. సంజాయిషీ అడుగుతూ టీచర్‌కు నోటీసు వచ్చింది. ఆమె దాన్ని పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

“అన్నయ్యా, నాకు కాళ్లూ చేతులూ ఆడటంల్లేదు. వెల తప్పు రాశానంట. నేనెప్పుడు రాశాను?”

“సంతకం మీదే కదమ్మా,” అన్నాను.

“సంతకం నాదే. నింపేది మీరు గదా ఎప్పుడూ?”

నిజం చెప్పడానికి అంతకంటే తేలికైన క్షణం నా జీవితంలో మళ్లీ రాలేదు. నేను నోటుపుస్తకం తెరిచాను. “ఈసారి మీరే నింపి తెచ్చిచ్చినారు. ఇదో, రాసుండాది,” అని ఒక తేదీ చదివాను. గురువారం, సాయంత్రం ఐదుంపావు అని కూడా చదివాను. నా ఎదుట ఉన్నది ఖాళీ పేజీ. ఆ తేదీని ఇక్కడ రాయను.

“గురువారమా? గురువారం సాయంత్రం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పిస్తా గదా!”

“ఆ పొద్దు వాన. పాటలు లేవని మీరే చెప్తిరి.”

ఆమె నోటీసును మళ్లీ మడతపెట్టారు. తరువాత మెల్లగా అన్నారు: “అట్టనా... అయితే మర్చిపోయుంటాను. ఆయన పోయినకాణ్ణించి నాకేదీ నిలవటంల్లేదు. మీ పుస్తకంలో ఉంటే ఉన్నట్టే. నా మూలాన మీ అందరి పుస్తకాలూ ఇరుక్కున్నయ్యి. క్షమించండి అన్నయ్యా.”

“పోనీలేమ్మా. ఎవరికైనా జరుగుతాది,” అన్నాను.

అవును. నేను ఆమెను క్షమించాను.

సంజాయిషీ నేనే రాస్తానని చెప్పి కాగితం తీసుకున్నాను. రాయలేదు. రాస్తే నేను అమ్మేవాడికి పెట్టిన జాబు బయటపడుతుందని భయం. గడువులో ఎన్ని రోజులు మిగిలాయో ప్రతి ఉదయం లెక్కపెట్టాను; చివరి రోజు కూడా లెక్కపెట్టాను. పార్సిలును జప్తు చేశారు. ఆ పుస్తకం కోసం అప్పటి నుంచి వెతుకుతూనే ఉన్నాను. మరో ప్రతి దొరకలేదు.

పోయింది పుస్తకం ఒక్కటే అయితే ఇది రాసేవాణ్ణి కానేమో. టీచర్ పాటలు నేర్పడం మానేశారు. దేని మీదా సంతకం చేయరు. పోయిన నెల ఆమె కూతురు లిఫ్టులో కలిసి చెప్పింది: గ్యాస్ కట్టేశానా అని తల్లి రోజూ మూడుసార్లు అడుగుతుందట. జ్ఞాపకశక్తి పరీక్షలు చేయించారట. ఏ లోపమూ లేదని డాక్టర్ చెప్పినా నమ్మడం లేదట. “మీ నోటుపుస్తకంలోనే ఉంది గదా, డాక్టరుకేం తెలుసు అంటది అంకుల్,” అని నవ్వింది ఆ అమ్మాయి. నేనూ నవ్వాను. నా అంతస్తు రాకముందే దిగిపోయాను.

ఐదు శాతం అన్యాయమని నేను ఈనాటికీ అనుకుంటున్నాను. కానీ దాని పేరు చెప్పి నేను ఒక మనిషి నుంచి తీసుకున్నదానికి ఏ శాతం వేయాలి? నాకు తెలియదు. ఇది రాసినంత మాత్రాన ఆ ఫోటో తిరిగి రాదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఆ హక్కు మీకు లేదు, అడిగే హక్కు నాకు లేదు. అయినా ఈ వాక్యాల దాకా వచ్చేసరికి ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది. మీకు చెప్పిన తరువాత ఆమెకు చెప్పకుండా ఉండడానికి నాకు సాకు మిగల్లేదు.

సలోమి టీచర్ ఆ ఫారం నింపలేదు. ఆమె ఏదీ మరచిపోలేదు. ఆ గురువారం వాన పడలేదు. అప్పుడు ఆమె మా అపార్టుమెంట్ల పక్కనున్న చర్చిలో పిల్లలకు పాట నేర్పుతున్నారు. ఒకే చరణాన్ని మళ్లీ మళ్లీ పాడిస్తున్నారు. మా బాల్కనీలో కూర్చుని నేను విన్నాను.