చిన్నపాప రాయాల్సిన చీటీ

ఆయమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురం నుంచి వచ్చే బస్సులో సోమందేపల్లి దాటుతున్నాను. "చిన్నపాపకు చెప్పినావా?" అని అడిగాను. "అదే నాకు చెప్పింది. పొద్దున్నించి ఆయమ్మ ఇంటికాడే ఉండాది" అంది అమ్మ.

ధర్మవరంలో మా వీధి అంగన్‌వాడీలో వంట చేసి, పిల్లల ముక్కులు తుడిచే ఆయా ఆమె. చదివింది ఏడో తరగతి. వీధికంతా గుడ్ల ఆయమ్మ. బస్సు పెనుకొండ చేరేలోపల వీధి వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో కింద "విద్యాదాత" అని పెట్టేశారు. పెట్టినాయన ఎవరో మీకు చెప్పాలి. ఆమె ఒకసారి పలక పట్టుకుని పిల్లల మధ్య కూర్చుంటే, "ఏమమ్మా, గుడ్లు ఉడకబెట్టేది మాని పంతులమ్మవైపోయినావే?" అని వాకిట్లో నిలబడి నవ్వినవాడే. ఆయన్ను అనే మొహం నాకు లేదు. ఆ రోజు నేనూ నవ్వాను.

చిన్నపాప అంటే మా చెల్లి. కథ ఒకసారి వింటే ఒక్క మాట పోకుండా తిరిగి చెప్పేది. పుస్తకం తెరిస్తే మాత్రం నోరు పెగిలేది కాదు. మూడో తరగతికి వచ్చినా 'పలక'ను 'పకల' అని చదివేది. 'మ' ఏదో 'య' ఏదో గుర్తుపట్టలేకపోయేది. మేము ఫీజు కట్టి పంపే బడిలో దాన్ని చివరి బెంచీలో కూర్చోబెట్టి వదిలేశారు. నేను డిగ్రీ చదువుతున్నదాన్ని గదా, ఒక ఉపాయం కనిపెట్టాను. దాని హోంవర్కు నేనే, దాని రాతలాగా వంకరగా, రాసిపెట్టేదాన్ని. రెండేళ్లు.

పట్టుకుంది ఆయమ్మే. ఒక సాయంత్రం అంగన్‌వాడీకి తాళం వేసి వచ్చి, మా గడపలో కూర్చుని నోటుబుక్కు తిరగేసింది.

"ఇది నీ చెయ్యి గదా పెద్దపాపా."

"దానికి తిట్లు పడతాయని, ఆయమ్మా."

"తిట్లు తప్పించినావు. దానికి రాదనేది కూడా ఎవురికీ తెలీకుండా చేసినావు. దీనికి బుర్ర లేక కాదమ్మా. అక్షరాలు దీని కండ్ల ముందర నిలబడవు. యేలితో పట్టుకోవల్ల."

ఆయాగా చేరకముందు ఆమె ఇంటింటికీ పోయి అచ్చు అతికేది. మగ్గం మీద అయిపోయిన పడుగు కొసలకు కొత్త పోగులను, బూడిద అద్దిన వేళ్లతో, ఒక్కొక్కటే మెలిపెట్టి కలిపే పని అది. తొందరపడితే తెగుతుంది. చదువూ అట్లాగే చెప్పింది. చిత్రావతి ఏటి ఇసుక జల్లించి స్టీలు తట్టలో పోసి, చెల్లి వేలు పట్టుకుని, పైకి పలికిస్తూ 'మ' దిద్దించేది. తర్వాత కళ్లు మూసి దిద్దమనేది. వారమంతా అదే అక్షరం.

"ఇంకా 'మ' దగ్గరే ఉన్నామా ఆయమ్మా?" అని నేనంటే, "నీకు బస్సు టైమైతే పో. ఇది యాడికీ పోయే పన్లేదు" అనేది.

తన దగ్గర దిద్దుకున్న ప్రతి బిడ్డతో చివరికి ఒక చీటీ రాయించుకుని రేకుడబ్బాలో దాచుకునేది. "ఒక దినం నువ్వూ రాసి పంపల్ల" అని చెల్లికి చెప్పింది.

పోయిన ఎండాకాలం చెల్లి రాసింది. నాలుగు లైన్లకు ఒక పూట పట్టింది. "నాకు సిగ్గు, నువ్వే ఇచ్చిరా అక్కా" అని నా చేతిలో పెట్టింది. దారిలో విప్పి చూశాను. దీర్ఘాలు లేవు, రెండు చోట్ల అక్షరాలు తారుమారు. అంత కష్టపడిన మనిషికి ఇచ్చేది ఇట్లాంటిదా అనిపించింది. వాళ్లింటి మలుపులో ఆగి, బ్యాగులోంచి తెల్లకాగితం తీసి, గుండ్రంగా, తప్పు లేకుండా తిరగరాశాను. చెల్లి రాసింది చింపేశాను.

ఆయమ్మ చదివి మడిచింది. "పాప రాసింది యాడ?"

చెప్పాను. ఆమె అరవలేదు. "ఆ తప్పులు చూడాలనే గదమ్మా నేను కాచుకోనుండేది."

ఇంటికొచ్చి చెల్లికీ నేనే చెప్పాను. "సరేలే అక్కా, ఇంక నువ్వే రాయి" అంది. అంతే. ఇసుక తట్ట దగ్గరికి పోయేది గానీ కాగితం మీద తనంతట తాను ఒక్క ముక్క రాయలేదు. బడిలో మళ్లీ చివరి బెంచీ. నేను ఏడుపుమొహం వేసుకుని పోతే ఆయమ్మే నన్ను సముదాయించింది. "మళ్లీ రాస్తాది లే. నేనుంటా గదా." ఉండలేదు.

మూడో రోజు ఆయమ్మ కోడలు రేకుడబ్బా తెచ్చి చెల్లి ముందర పెట్టింది. "నీ పేరుతో ఒకటుండాది, చూసుకో పాపా." ఒక్కో చీటీ పైన, ఆ బిడ్డ పేరు ఆయమ్మ చేతిరాతలో ఉంది. చెల్లిది అన్నిటికంటే అడుగున దొరికింది. పైన పేరు, కింద అంతా ఖాళీ. నా గుండ్రటి చీటీ ఆ డబ్బాలో లేదు.

చెల్లి కాగితాన్ని మోకాలి మీద పరుచుకుంది. నా బ్యాగులో పెన్ను ఉంది. తీయలేదు. చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నాను. అది కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ, ఆ ఖాళీ మీద వేలితో చాలాసేపు ఏదో రాసింది. నాకు కనిపించింది తెల్లకాగితమే.