అత్తమ్మ ఫొటోలకు అవునన్నది ఎవరు?

మా అత్తమ్మ పోయింది. సోమవారం పొద్దున కోరుట్లల మా ఇంట్ల నేను చాయ్ తీసుకపోయేసరికే ఆమె లేదు. సిరిసిల్లల సాంచల మీద బట్ట నేసే మా ఆయనకు ఫోన్ చేసిన. జగిత్యాలల ఉద్యోగం చేసే మరిదికి ఆయన చెప్పిండు. దుఃఖం ఉన్నది, ఇంకా తీరలేదు. కని ఈ నాలుగు ముక్కలు నాతోని రాయించేది కోపం.

అత్తమ్మ బీడీలు చేసేది. నేను ఈ ఇంటికి కొత్తగ వచ్చినప్పుడు నోరు తెరవాలంటేనే భయం. ఎందుకు మాట్లాడవని ఆమె ఒక్కనాడు అడుగలేదు. ఒళ్లె చాట పెట్టుకొని, కత్తెరతోని ఆకు కోసుకుంట ఇద్దరి మాటలు ఆమే మాట్లాడేది. "ఏం కూర వండాలె అత్తమ్మా అంటున్నవా బిడ్డా? వంకాయ వండు. నిన్న గూడ వంకాయనే అంటవా? అయితే టమాట వండు." నాకు నవ్వొచ్చేది. అట్ల నవ్వుకుంటనే నేను మాటలు నేర్సిన.

మా అర్రలకు రావాలంటే గడప బయటనే ఆగి "బిడ్డా, వస్తున్న" అనేది. అమ్మగారింటి నుంచి నాకు సకినాల సంచి వస్తే దాని ముడి ముట్టేది కాదు. "నీ సంచి, నువ్వే ఇప్పు. ఇయ్యాలనిపిస్తే నాకో రెండియ్యి" అనేది.

పోయినేడు ఆమెకు ఆపరేషన్ అయింది. ఏం జబ్బో, ఎక్కడో నేను ఇక్కడ గూడ రాయను. పెద్ద కొడుకుకు తప్ప ఎవరికీ చెప్పనియ్యలేదు. చిన్న కొడుకుకు, చుట్టాలకు కడుపుల గడ్డ అని చెప్పించింది. కుట్లు మానేదాక నేను ఆ కుట్లను, దవాఖాన కాయితాలను ఫోన్ల ఫొటో తీసి కరీంనగర్ దవాఖానల నర్సమ్మకు పంపాలె. ఫొటో తీసేటప్పుడు ఆమె మొఖం మీద కొంగు కప్పుకునేది.

"నర్సమ్మకే గద బిడ్డా?"

"నర్సమ్మకే అత్తమ్మా."

మా ఆయన అందరికీ ఫోన్లు కొన్నప్పుడు, షాపాయన అన్నిటికీ ఒక్కటే మెయిల్ పెట్టి ఇచ్చిండు. మా దిక్కు చానా ఇండ్లల్ల గిదే కథ. ఎవరి ఫోన్ల ఫొటో తీసినా ఆ మెయిల్ డ్రైవ్‌లకే, నెట్ల దాచే జాగకే, పోతది. సిరిసిల్లయి, కోరుట్లయి, జగిత్యాలయి, అన్నీ ఒక్క కుప్ప. ఆ కుప్పను ఎవరూ తిరగేసి చూడలేదు. నాకైతే అట్లాంటిది ఒకటున్నదనే తెలువదు.

దినాలకు చౌరస్తాల ఫ్లెక్సీ కట్టాలనుకున్నరు. మరిది ఏడ్చి ఏడ్చి వాచిన కండ్లతోనే ఫోన్ పట్టుకొని వాకిట్లకు వచ్చిండు.

"వదినా, మన డ్రైవ్‌ను ఏఐ చాట్‌బాట్‌కు కలిపిన. ఫొటోలన్ని చూసి అమ్మ గురించి అదే రాసింది. ఫ్లెక్సీ షాపుకు పంపిన గూడ. ఇనుండ్రి."

చుట్టాలందరి ముందట చదువుడు మొదలువెట్టిండు. "ఆకులంటే ఆమెకు ప్రాణం. ప్రకృతి ప్రేమికురాలు..."

పక్కింటక్క గూడ బీడీలు చేస్తది. ఆమె అందుకున్నది. "ఏం ఆకులు రా? తునికాకులా? చినిగిన ఆకు ఇచ్చిండని ఏజెంటును తిట్టుకుంట ఫొటోలు తీయించింది. గదేనా ప్రేమ?"

ఏడ్చేటోళ్లు గూడ నవ్విండ్రు. నేనూ నవ్విన.

తర్వాతి ముక్కల జబ్బు పేరు వచ్చింది. అది ఒంట్ల ఎక్కడ అయిందో గూడ వచ్చింది. "పోరాడిన ధీరవనిత" అని వచ్చింది. మరిది ఫోన్ దించి నా దిక్కు తిరిగిండు.

"నిజమా వదినా? కన్న కొడుకును నేను. నాకు మీరు చెప్పలేదు, గీ ఏఐ చెప్పాల్నా?"

మరిది బాధ అబద్ధం కాదు. కని చెప్పొద్దన్నది అత్తమ్మ. ఆ మాట ఆయనతోని అనేలోపే మా మామకు అన్న, పెద్దమామ అందుకున్నడు. "దాంట్ల తప్పేముందే? ధీరవనిత అన్నది, మంచిగనే రాసింది. ఉండనియ్యి."

పెద్దమామ ముందర నేను ఎన్నడూ మాట్లాడలేదు. ఆ దినం మాట్లాడిన. "నిజమే రాసింది మామా. నిజమైతే చౌరస్తాల కట్టాల్నా?"

మరిదిని అడిగిన. "కలిపేటప్పుడు అది నిన్నేం అడుగలేదా?"

"అడిగింది. అన్ని ఫైళ్లు చూడనిస్తవా అన్నది. అవునని నొక్కిన."

"ఎవరి తరఫున నొక్కినవ్?"

తల వంచుకున్నడు. "అందరు కలుపుతున్నరు వదినా."

అందరు అవునంటున్నరట! ఎవరి ఫొటోలకు అంటున్నరో వాళ్లకు ఎరుకనా? ఆ కుప్పల నావీ ఉన్నయి. నన్ను అడుగలేదు. పోయినామెను అడిగే వీలే లేదు. ఏఐకి సిగ్గంటే ఏం తెలుసు, దానికి ఒళ్లే లేకపాయె. చదువుకున్న మనిషికి తెలువద్దా, ఇంట్ల ఆడోళ్ల ఫొటోలు ఎవరికో చూపెట్టే ముందు ఒక్క మాట అడగాలని?

"ఆ కలిపింది నా కండ్ల ముందటనే తీసెయ్" అన్న. తీసేసిండు. "కని అది చూసింది చూడనట్టు కాదు గద వదినా" అన్నడు, మెల్లగ.

ఫ్లెక్సీ షాపుకు ఫోన్ చెయ్యుమంటే ఫోన్ నా చేతుల పెట్టిండు. నేనే చేసిన.

"అన్నా, ఫొటో కింద రాత మొత్తం తీసెయ్."

"మరేం పెట్టాలె చెల్లె?"

"ఏం పెట్టకు."

"ఖాళీగ బాగుండది చెల్లె. పూలన్న పెడత."

"పూలు గూడ వద్దన్నా."

ఇప్పుడు చౌరస్తాల ఆ ఫ్లెక్సీ ఉన్నది. మీద అత్తమ్మ మొఖం, కింద ఉత్త తెలుపు. కార్ఖానల బీడీలు అప్పజెప్పి వచ్చిన ఆడోళ్లు ఆటో కోసం దాని నీడల నిలవడుతరు. గాలికి ఆ తెల్ల జాగ ఉబ్బుతది, మల్ల సదురుకుంటది.