అరవడానికి చోటు

థాయ్‌లాండ్‌లోని మహాచాయ్‌లో రొయ్యలు ఒలిచే మా షెడ్డు ఆడవాళ్లం ల్విన్ మోని "మూగ కవి" అని ఏడిపించేవాళ్లం. బర్మాలో, దావే పట్నంలో ఉండగా రెండు పుస్తకాలు వేశాడట. మాలాగే సరిహద్దు దాటొచ్చి పక్కనున్న ఐస్ ఫ్యాక్టరీలో చేరాక ఒక్క పాదం రాస్తే ఒట్టు.

"వినేవాళ్లంతా అక్కడే ఉండిపోయారక్కా," అనేవాడు.

నాకు ఒళ్లు మండేది. మేమేం చెవిటివాళ్లమా?

కిందటి తింజాన్‌కి, అంటే మా కొత్త సంవత్సరం నీళ్ల పండక్కి, తన్‌జాట్ పాట రాయమని అతని మీద పడ్డాం. ఒకడు ముందు నిలబడి పాదం అంటే జనమంతా జవాబు అరవాలి. ధరల్ని, దొరల్ని, అత్తగార్లని ఎవర్నైనా ఏకిపారేయొచ్చు, ఆ పూట ఎవరికీ కోపం రాకూడదు. మా షెడ్డువాళ్లం ఏటా పక్కవాళ్ల పాటే పాడుకునేవాళ్లం.

"రాయకపోయావో, నీ టీలో రొయ్య పొట్టు కలుపుతా," అంది మాలో పెద్దదైన సో యిన్ పిన్ని. ఒప్పుకున్నాడు.

వారానికి వచ్చి వినిపించాడు. సముద్రం, వెన్నెల, వియోగం. బాగానే ఉంది. మేం నోళ్లు వెళ్లబెట్టుకుని కూర్చున్నాం.

"అంతా బాగుంది గానీ నాయనా, మేమెక్కడ అరవాలి?" అంది పిన్ని.

అతను బిత్తరపోయాడు. అంతా తనే చెప్పేసుకున్నాడు, మాకు ఒక్క జవాబూ వదల్లేదు. ఎన్నాళ్లుగా తనతో తనే మాట్లాడుకుంటున్నాడో పాపం!

మళ్లీ రాశాడు. ఈసారి అందులో మా తడి చెప్పులున్నాయి, మేస్త్రీ దగ్గుంది, పిన్ని గురక కూడా ఉంది. ఆఖరి పాదం మాత్రం కుదరలేదు. "మన ఊరెక్కడ?" అని అడుగుతాడు. జవాబు అతనికే తెలియదు.

"ఇదీ తేలకపోతే నాలో ఇంక కవిత్వం లేనట్టేనక్కా. మళ్లీ కలం ముట్టను," అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది.

పండగనాడు బౌద్ధమఠం వాకిట్లో నీళ్లలో తడిసి ముద్దవుతూ పాదానికి పాదం అరిచాం. మేస్త్రీ కూడా దగ్గుతూనే నవ్వాడు. ఆఖరిది రానే వచ్చింది.

"మన ఊరెక్కడ?"

జవాబు రాక ల్విన్ మో ఇంకా గట్టిగా అరిచాడు.

వెనక నుంచి పిన్ని గయ్యిమంది. "ఎందుకురా ఆ అరుపులు? ఇక్కడే ఉంది! దానికేమన్నా చెవుడా?"

వాకిలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుల్లోనే అందరం అందుకున్నాం. "ఇక్కడే ఉంది! దానికేమన్నా చెవుడా?" అతను మళ్లీ అడిగాడు. గొంతు జీరబోయినా అడుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తాడు. రొయ్యల బుట్ట బోర్లించి కూర్చుని కొత్తవి వినిపిస్తాడు. మధ్యలో ఆగి మా వైపు చూస్తాడు, అరవమని.