రామాయి చూపించిన ఏనుగు

కండ్ల రామాయి అని పేరేగానీ ఆమె కండ్లు ఏమంత పెద్దవి కావు. ఎండలో తిరిగి తిరిగి చింతగింజల్లా చిన్నబడిపోయాయి. ఆ పేరు అందానికి వచ్చింది కాదు. ఆ కండ్లను పది ఇళ్లవాళ్లకు అరువిచ్చినందుకు వచ్చింది.

అప్పుడు కుంపిణీ వాళ్ల దొరతనం. మదురై కలెక్టరు కింద, రామనాథపురానికి ఆమడ దూరంలో ఉన్న ఆ నల్లరేగడి ఊళ్లలో, ఎన్ని తరాల కిందటో దిగివచ్చిన తెలుగు కాపు కుటుంబాలుండేవి. వాటిలో గోడచాటు ఇళ్లనీ, గంపచాటు ఇళ్లనీ రెండు రకాలు. గంపచాటు ఇంటి ఆడది నెత్తిన గంప పెట్టుకుని చేనుకు పోతుంది, సంతకు పోతుంది, దారిన పోయేవాడు ఒక మాటంటే రెండంటుంది. గోడచాటు ఇంటి ఆడది గోడ దాటి రాదు. ఎప్పుడైనా రావలసివస్తే వెదురుబద్దలు విల్లులా వంచి చాప కప్పిన విల్లుబండిలో, ముందూ వెనకా తెర దింపుకుని వస్తుంది. లోపల కూర్చున్నావిడకు ఎద్దుల గజ్జెలు వినబడతాయి, దుమ్ము ముక్కుకు తగులుతుంది. అంతకుమించి లోకం తెలియదు.

రామాయి గంపచాటు పిల్ల. పన్నెండో ఏట ఆమెను ఆండియప్పకిచ్చారు. ఆండియప్పకు ఒక విల్లుబండి, పరుగెత్తే ఎద్దుల జత, నోరు విప్పని స్వభావం, ఇవే ఆస్తి. పైగా అబద్ధమంటే పడదు. సర్వే దొర గొలుసు పట్టుకుని వచ్చినప్పుడు, తన గట్టు రెండు మూరలు పక్కవాడి చేలోకి జరిగిందని తానే చూపించి నేల పోగొట్టుకున్న మనిషి. అలాంటివాడి పక్కన రామాయిలాంటిదాన్ని కూర్చోబెట్టిన దేవుడికి సరదా ఉండే ఉంటుంది.

మొగుడు బండి తోలితే రామాయి గోడచాటు ఆడవాళ్లకు కోటనూ సముద్రాన్నీ చూపించేది. ఒక రోజుకు ఒక ఇల్లే. ఇంకో ఇంటివాళ్లను కలపదు. కోడి కూయకముందే బయలుదేరి, పొద్దు బాగా ఎక్కేసరికి రామనాథపురం కోట, అక్కడ వేరే ఎద్దులు కట్టి మధ్యాహ్నానికి దేవిపట్నం, దీపాలు పెట్టేవేళకు ఇల్లు. కోటలో రాణివాసం తలుపు కాసేవాళ్లు ఆమెకు తెలుసు. దేవిపట్నంలో ఒడ్డు పక్క సముద్రంలో నవగ్రహాలని నిలిపిన తొమ్మిది రాళ్లకు పోయడానికి తొమ్మిది ధాన్యాల మూటలు ఆమే కట్టేది. పెద్దింటి ఆడవాళ్లు స్నానం చేసేటప్పుడు మోకాటిలోతు నీళ్లలో నాలుగు కర్రలు పాతి చుట్టూ చీర కట్టేది. పెరుగన్నం, నారదబ్బకాయ ఊరగాయ, తాగే నీళ్లు, అన్నీ ఆమె పూచీ.

అన్నింటికన్నా పెద్ద పని దారి చెప్పడం. తెరకు ఇవతల, మొగుడి వెనక కూర్చుని, కనబడేదంతా లోపలివాళ్లకు చెప్పాలి.

మొదటిసారి లక్ష్మమ్మాళ్‌ను తీసుకుపోయినప్పుడు రామాయికి ఇరవై దాటలేదు. లక్ష్మమ్మాళ్ అంటే ఆ చుట్టుపక్కల ఇరవై గోడచాటు ఇళ్లకూ పెద్ద. ఆవిడ మంచిదన్న చీర మంచిది, ఆవిడ పెదవి విరిచిన సంబంధం తప్పిపోయినట్టే. ఆవిడ లోపలినుంచి ఏముందే ఇప్పుడని అడిగింది. తాటిచెట్లు తప్ప ఏమీ లేదు. ఏమీ లేదమ్మా అంది రామాయి. కాసేపటికి మళ్లీ అడిగింది. అప్పుడూ ఏమీ లేదు. మూడోసారి అడిగి, లేదని విని, ఆవిడ నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు రామాయి భరించలేకపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి బయటికి వచ్చిన మనిషికి తాటిచెట్లేనా? నాలుగోసారి అడిగేసరికి, నెమలి అంది.

ఒక్క నెమలితో ఆగితే బాగుండేది. పది పన్నెండేళ్లు గడిచేసరికి ఆ దారి పొడుగునా మేడలు లేచాయి. ఆకుపచ్చ కిటికీల మేడొకటి. ఒంటికాలి మీద నిలబడ్డ సన్యాసి ఒకడు. గొడుగు పట్టుకుని గుర్రమెక్కిన దొరసాని ఒకతె. దేవిపట్నం దారిలో పాడుబడ్డ సత్రం ముందు ఒంటిదంతం ఏనుగు. ఏనుగు వచ్చిన ప్రతిసారీ ఆండియప్ప దగ్గేవాడు. సిగ్గుతో దగ్గేవాడు పాపం. లోపలివాళ్లు ఏనుగు రేపిన దుమ్ము అనుకునేవాళ్లు.

చిక్కు పెళ్లిళ్లలో వచ్చేది. గోడచాటు ఆడవాళ్లంతా ఒకచోట చేరితే ఎవరికేం కనబడిందో సరిచూసుకునేవాళ్లు. ఒకసారి బండిలో ఏడుస్తున్న పసిదాన్ని ఊరుకోబెట్టడానికి రామాయి ఆ ఏనుగుకు ఒక పిల్లను పుట్టించింది. ఆ సంగతి పెళ్లిలో బయటపడి, తనకు పిల్లను చూపించలేదని లక్ష్మమ్మాళ్ అలిగింది. మరుసటిసారి ఆవిడకూ చూపించక తప్పలేదు. అక్కడినుంచి ఆ పిల్లను ఏటేటా పెంచాల్సివచ్చింది. ఏనుగుపిల్ల ఎన్నేళ్లకు ఎంతవుతుందో రామాయికేం తెలుసు? బర్రెదూడ లెక్కన పెంచుకుంటూ వచ్చింది.

అలా ఇరవై ఐదేళ్లు గడిచాయి. లక్ష్మమ్మాళ్‌కు అరవై నిండి మోకాళ్లు పట్టేశాయి. ఇదే ఆఖరి ప్రయాణమంటూ అరవవాళ్ల ఆని నెలలో, ఆషాఢపు గాలులు లేచే రోజుల్లో, ఒక పొద్దున కోడల్ని వెంటబెట్టుకుని బండెక్కింది. కోడలి పేరు సంతానలక్ష్మి. కోయంబత్తూరు దిక్కున సూలూరు దగ్గరి పిల్ల. అక్కడివాళ్లకు ఇంత పట్టింపు లేదు, బావికి తామే పోయి నీళ్లు తోడుకుంటారు. అంటే బయట ఏముంటుందో ఆ పిల్లకు కాస్తో కూస్తో తెలుసు.

సన్యాసి దగ్గరే మొదలైంది. ఏ కాలి మీద నిలబడ్డాడని కోడలు అడిగింది. ఎడమకాలు అంది రామాయి. పోయినసారి కుడికాలు అన్నావే అంది లోపలినుంచి అత్త.

"నాలుగేళ్లయింది గదమ్మా, మార్చుకోడా మరి" అంది రామాయి.

లోపల కోడలు నవ్వు ఆపుకుంటున్న చప్పుడు తెర దాటి వచ్చింది. మేడ దగ్గర కిటికీలెన్నో చెప్పమంది. దొరసాని గొడుగు రంగడిగింది. రామాయి జవాబులు చెబుతూనే ఉంది, చెమటలు కక్కుతూనే ఉంది. ఈ పిల్ల తెర సందులోంచి ఒక్కసారి తొంగిచూస్తే ఇరవై ఐదేళ్ల మాట మట్టిలో కలుస్తుంది. లక్ష్మమ్మాళ్ చెవిన పడిందంటే వచ్చే పెళ్లిలో ఇరవై ఇళ్లకూ పాకుతుంది. రామాయి నోటికి విలువుండదు, ఆ బండి ఎవరూ ఎక్కరు. ఇంతా చేసి ఆమెకు ఈ పని తప్ప ఇంకేదీ మనసుకు పట్టదు.

కోటలో మాత్రం ఊపిరి తీసుకుంది. అక్కడ అబద్ధమాడే పని లేదు. మగవాళ్లు లేనివేళ చూసి రాణివాసం దాసి వాళ్లను బొమ్మల మండపంలోకి పిలుచుకుపోయింది. గోడల నిండా రంగుల్లో రాజులు, దేవుళ్లు, యుద్ధాలు, టోపీలు పెట్టుకున్న దొరలు. తెరలు లేవు, అత్తాకోడళ్లు తల ఎత్తి తిరిగితిరిగి చూశారు. ఏ యుద్ధంలో చూసినా ఈ రాజే గెలిచాడే అని సంతానలక్ష్మి అడిగింది. గోడ ఈ రాజుదే గదా అమ్మిణీ అంది రామాయి. ఆ మాటకు ఆ పిల్ల ఆమెవంక కొత్తగా చూసింది.

పొద్దు నడినెత్తికి రాకముందే దేవిపట్నం దారి పట్టారు. ఆని నెల గాలి సంగతి ఆ దిక్కువాళ్లకు చెప్పక్కర్లేదు. తాటిమట్టలు ఊడి గాలిలో ఎగురుతున్నాయి. పాడుబడ్డ సత్రం దగ్గరపడింది. ఆండియప్ప దగ్గాడు. రామాయి గొంతు సవరించుకుని, అదిగో ఏనుగు, దాని పిల్లకూ దంతాలొస్తున్నాయమ్మా, తొండంతో తాటిపండు అందుకుంటోంది అని చెబుతుండగా ఒక విసురు వచ్చింది. తెర టప్పున విల్లునుంచి ఊడి, ఆమె నెత్తిమీదుగా ఎగిరి, దూరంగా తుమ్మముళ్లలో పడింది. గట్టిగా కట్టిన ముడి గాలికే ఊడిందో, లోపల ఎవరి వేళ్లైనా సాయం చేశాయో ఈనాటికీ తెలియదు.

బండి ఆగింది. ఎదురుగా సత్రం ఉంది. సత్రం ముందు మేక ఉంది. అంతే.

ఆండియప్ప తల వంచుకుని దిగి తెర తేవడానికి పోయాడు. రామాయి వెనక్కి తిరగలేదు. వీపుమీద రెండు జతల కండ్లు ఆనుతున్నట్టు తెలుస్తూనే ఉంది.

"ఏనుగేదే?" అంది లక్ష్మమ్మాళ్.

"లేదమ్మా."

"దాని పిల్ల?"

"అదీ లేదమ్మా."

మేక ఒకసారి అరిచింది.

"సముద్రమైనా ఉందా?"

"అమ్మతోడు, ఉందమ్మా."

"అయితే పద. తెర కట్టొద్దు. నువ్వు నోరెత్తొద్దు. నేనే చూసుకుంటాను."

దేవిపట్నం దాకా రామాయి నోరెత్తలేదు. ఆమె జీవితంలో అంత పొడుగైన దారి లేదు. లక్ష్మమ్మాళ్ ముసుగు మాత్రం ముందుకు లాక్కుని, ఉప్పునేలనీ, వల బాగుచేస్తున్న ముసలివాణ్నీ, ఎండకు పరిచిన చేపల్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. ముఖం చూసి ఏమీ తెలియలేదు.

రేవులో ఆ వేళకు జనం లేరు. ఆవిడ కర్రలు పాతొద్దంది, చీర కట్టొద్దంది. కోడలి చెయ్యి పట్టుకుని మోకాటిలోతు నీళ్లలోకి నడిచి, తొమ్మిది రాళ్లకూ ధాన్యం పోసి, మొదటిసారి తల ఎత్తి చూసింది. ఇదివరకు నాలుగుసార్లు వచ్చినా ఆవిడ చూసింది నాలుగు కర్రల మధ్య నీళ్లే. ఆ సముద్రం మరీ నిమ్మళమైన సముద్రం. గాలి నేలమీదనుంచి తోస్తున్నా వరిమడిలో నీళ్లలా చిన్నచిన్నగా కదులుతోంది. ఇక్కడే రామాయి ఇరవై ఐదేళ్లుగా తాటిచెట్టంత అలలు లేపుతూ వచ్చింది. అలలు తగలవేమే అని ఒకసారి ఆవిడ చుట్టూ కట్టిన చీర లోపలినుంచి అడిగితే, అమ్మగారు స్నానం చేస్తున్నారని బయటే మర్యాదగా ఆగాయి అని చెప్పింది కూడా. ఇప్పుడు ఆ మాట తలచుకుని ఒడ్డున ఇసుకలోకి కూరుకుపోవాలనిపించింది.

"ఇంతేనా?" అంది లక్ష్మమ్మాళ్. "నువ్వు చెబితే ఇంకా పెద్దదిగా ఉండేది."

అన్నదేగానీ కదలదు. పొద్దు వాలుతోందని కోడలు రెండుసార్లు గుర్తుచేసింది. ఆవిడ నీళ్లలో కాళ్లు ఆడిస్తూ, కొంగు తడిసినా చూసుకోకుండా నిలబడింది. మోకాళ్ల నొప్పి సంగతే ఎత్తలేదు.

తిరుగుప్రయాణంలో ఊళ్లు అడ్డం వస్తాయి గనుక తెర మళ్లీ కట్టారు. చిరిగినచోట రామాయి తుమ్మముళ్లు గుచ్చింది. బండి నడిచింది. రామాయి చేతులు ఒడిలో పెట్టుకుని, రేపటినుంచి ఏ చేనులో కలుపుకు పోవాలో ఆలోచిస్తూ కూర్చుంది.

కొంతదూరం పోయాక లోపలినుంచి మాట వచ్చింది. "ఏముందే ఇప్పుడు?"

రామాయికి ఏడుపొచ్చింది. అబద్ధం చెప్పడానికి నోరు రాదు, నిజం చెప్పడం అలవాటు లేదు.

"తాటిచెట్లమ్మా."

"ఇంకా?"

"మేక."

లోపల నిట్టూర్పు. ఇరవై ఐదేళ్ల కిందటి ఆ నిట్టూర్పే. అది రామాయి విన్నది, ఆమె ముందు కూర్చున్న ఆండియప్పా విన్నాడు. సత్రం వచ్చింది. అలవాటు కొద్దీ అతను దగ్గాడు. దగ్గి ఊరుకోలేదు. ఎద్దుల తోకలవంకే చూస్తూ, బండ గొంతుతో, తెర లోపలికి వినబడేలా అన్నాడు:

"ఎడమపక్క ఏనుగుందమ్మా."

రామాయి ఉలిక్కిపడి మొగుడివంక చూసింది. అతని చెవులు ఎర్రబడిపోయాయి. గట్టు సంగతిలో సర్వే దొర ముందు కూడా ఆడని అబద్ధం.

లోపలినుంచి లక్ష్మమ్మాళ్ చాలా నెమ్మదిగా అడిగింది. "దాని పిల్ల ఏం చేస్తోంది ఆండియప్పా?"

అతనికి ఇంత దూరం ఆలోచన లేదు. నుదుటి చెమట తుడుచుకున్నాడు. "పుట్టి నాలుగు రోజులైనట్టుందమ్మా. పాలు తాగుతోంది."

లోపల సంతానలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకున్నట్టుంది, బండి విల్లంతా కదిలిపోయింది. లక్ష్మమ్మాళ్ మాత్రం నవ్వలేదు. పొద్దున వచ్చేటప్పుడు దాని పిల్లకు దంతాలొస్తున్నాయన్నారే, సాయంత్రానికి పాలు తాగడమేమిటని నిలదీసింది.

ఆండియప్ప నిస్సహాయంగా పెళ్లాంవంక చూశాడు. రామాయి ఒడిలో చేతులు విప్పుకుంది. తెరకు దగ్గరగా జరిగి కూర్చుంది.

"అది పెద్దదమ్మా, చెరువుకు నీళ్లు తాగను పోయింది. ఇది రెండోది."

"అట్ట చెప్పు మరి. మగాళ్లకు ఏం తెలుసు" అంది లక్ష్మమ్మాళ్, వెనక్కి ఆనుకుంటూ. "ఇంతకీ ఆడదా, మగదా?"

రామాయి ఎడమపక్కకు తిరిగి, కండ్లు చికిలించి, ఒకసారి బాగా చూసింది.

"ఆడపిల్లే అమ్మా" అంది.